కౌన్సిల్ పొలిమేర దాటించిన మనిషికి ఎవరు పూచీ?

ఇంగ్లండులో ఒక లండన్ బరో, అంటే నగరంలోని ఒక స్థానిక కౌన్సిల్, తన పరిధిలోని ఆటిజం ఉన్న ముప్పై ఏళ్ల మనిషిని కెంట్ సముద్రతీరంలోని కేర్ హోమ్‌కు పంపిందనుకుందాం. బిల్లు కట్టేది లండన్ బరో. మనిషి ఉండేది కెంట్‌లో. ఆయన ఒంటి మీద దెబ్బ కనిపిస్తే విచారణ మొదలుపెట్టాల్సింది ఎవరు? ఆయన్ను ఒంటరిగా బయటికి వెళ్లనివ్వకుండా ఆపడానికి అనుమతి ఇవ్వాల్సింది ఎవరు? హోమ్ యజమాని దివాలా తీస్తే ఆ రాత్రికి ఆయనకు పడక, తిండి, తోడు చూడాల్సింది ఎవరు? మూడింటికీ చట్టంలో జవాబులున్నాయి. మొదటిదానికి కెంట్, రెండోదానికి లండన్ బరో, మూడోదానికి మళ్లీ కెంట్. ఒకే మనిషి బాగోగులు ఇలా రెండు కౌన్సిళ్ల మధ్య చీలిపోవడమే ఈ విషయంలోని చిక్కు. ఒక్కో కౌన్సిల్ తన వంతు చేశాననుకుంటూ ఉండగా, మధ్యలో ఆ మనిషిని చూసేవారే లేకుండా పోవచ్చు.

కౌన్సిళ్లు ఎందుకు దూరం పంపుతాయి? నగరాల్లో ఇళ్ల ధరలు మండిపోతుంటాయి. సముద్రతీరపు పాత పట్టణాల్లో ఒకప్పటి పెద్ద ఇళ్లు, హోటళ్లు చవగ్గా దొరికాయి కాబట్టి కేర్ హోమ్‌లు అక్కడ ఎక్కువగా వెలిశాయి. తీవ్రమైన ఆటిజం, మూర్ఛ, మెదడు గాయం వంటివాటికి ప్రత్యేక నైపుణ్యం ఉన్న హోమ్‌లు దేశం మొత్తంలో కొద్దిగానే ఉన్నాయి. కొన్నిసార్లు కుటుంబమే కోరుతుంది: తల్లి బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది, కూతురు రీడింగ్‌లో స్థిరపడింది, అమ్మను తన దగ్గరి హోమ్‌లో ఉంచాలనుకుంటుంది. ఇంగ్లండులో పెద్దల సంరక్షణ చట్టమైన 2014 కేర్ యాక్ట్ సెక్షన్ 30 ఈ ఎంపికకు హక్కు ఇస్తుంది. హోమ్ అవసరాలకు సరిపోవాలి, ఖాళీ ఉండాలి, కౌన్సిల్ షరతులకు ఒప్పుకోవాలి. కౌన్సిల్ లెక్కగట్టిన ఖర్చు కంటే ఫీజు ఎక్కువైతే ఆ తేడాను, అంటే టాప్-అప్‌ను, సాధారణంగా బంధువులెవరైనా కట్టాలి. తన లెక్కలో పడే హోమ్ ఒక్కటైనా నిజంగా ఖాళీగా ఉందని చూపించకుండా కౌన్సిల్ టాప్-అప్ అడగకూడదు. ఇంగ్లండులోని తెలుగు కుటుంబాలు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే అడగ్గానే కట్టేసేవారే ఎక్కువ.

డబ్బు బాధ్యత మనిషితో పాటు కదలదు

అన్నిటికీ మూలం ‘ఆర్డినరీ రెసిడెన్స్’ అనే భావన. మనిషి స్వచ్ఛందంగా, స్థిరంగా ఎక్కడ నివసిస్తున్నాడో ఆ కౌన్సిల్‌దే సంరక్షణ బాధ్యత. ఇదొక్కటే నియమమైతే సముద్రతీరపు కౌన్సిళ్లు ఎప్పుడో కుంగిపోయేవి. ఊళ్లో హోమ్‌లు ఉన్నందుకే దేశమంతటి ఖర్చూ వాటి నెత్తిన పడేది. అందుకే సెక్షన్ 39 ఒక మినహాయింపు పెట్టింది. కౌన్సిలే ఏర్పాటు చేసి కేర్ హోమ్‌కో, సొంత అద్దె ఇంట్లో సాయం అందే సపోర్టెడ్ లివింగ్‌కో, సంరక్షకుల కుటుంబంతో కలిసి ఉండే షేర్డ్ లైవ్స్ ఇంటికో పంపితే, ఆ రకం వసతిలో తప్ప అవసరం తీరదన్న పరిస్థితి ఉంటే, ఆ మనిషి చట్టం దృష్టిలో పంపిన కౌన్సిల్ పరిధిలోనే ఉన్నట్టు లెక్క. ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నా ఆ లెక్క మారదు.

దీని అంచుల దగ్గరే తగవులు పుడతాయి. సొంత డబ్బుతో, సొంతంగా ఏర్పాటు చేసుకుని వెళ్లినవారికి ఈ నియమం వర్తించదు. వాళ్లు కొత్త ఊరివారైపోతారు. ఆస్తి ప్రభుత్వ సాయానికి గీత అయిన 23,250 పౌండ్ల దిగువకు వచ్చిన రోజున వాళ్లు తలుపు తట్టాల్సింది కొత్త ఊరి కౌన్సిల్‌దే. సపోర్టెడ్ లివింగ్‌కు ఈ నియమం 2015 ఏప్రిల్ 1 నుంచే వచ్చింది. అంతకుముందే అలాంటి ఇంట్లో చేరినవారి విషయంలో పాత లెక్కే నడుస్తుంది. మానసిక ఆసుపత్రి నిర్బంధం నుంచి బయటికి వచ్చాక మెంటల్ హెల్త్ యాక్ట్ సెక్షన్ 117 కింద అందే సంరక్షణది వేరే దారి. ఆసుపత్రిలో నిర్బంధించడానికి సరిగ్గా ముందు మనిషి ఎక్కడ నివసిస్తున్నాడన్నది అక్కడ కొలమానం. వూస్టర్‌షైర్ పంపగా స్విండన్‌లో ఉంటూ, రెండోసారి నిర్బంధానికి గురైన మహిళ విషయంలో సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో ఇదే చెప్పి బాధ్యతను స్విండన్‌కు అప్పగించింది.

ఈ తగవులు ఎంత దూరం వెళ్తాయో చెప్పడానికి 2015 జులై నాటి కార్న్‌వాల్ తీర్పు చాలు. విల్ట్‌షైర్ కౌన్సిల్ ఒక పిల్లవాడిని చిన్నతనంలోనే సౌత్ గ్లోస్టర్‌షైర్‌లోని పెంపుడు కుటుంబానికి అప్పగించింది. తల్లిదండ్రులు కార్న్‌వాల్‌కు మారారు. పద్దెనిమిదేళ్లు నిండాక అతను సోమర్‌సెట్‌లోని హోమ్‌లో చేరాడు. ఖర్చు ఎవరిదని అడిగితే ఆరోగ్య మంత్రి కార్న్‌వాల్ అన్నారు, అప్పీలు కోర్టు సౌత్ గ్లోస్టర్‌షైర్ అంది, చివరికి సుప్రీంకోర్టు విల్ట్‌షైర్ అంది. పంపినవారు పొలిమేర దాటించి భారం వదిలించుకోకూడదన్నదే ఆ తీర్పు సారం.

తగవు నడుస్తున్నంత కాలం మనిషికి సేవ ఆగకూడదు. తగవు మొదలైన నాటికి ఎవరు చూసుకుంటున్నారో వారే కొనసాగించాలి. నాలుగు నెలల్లో తేలకపోతే మంత్రి నిర్ణయానికి పంపాలి. ఎవరు కట్టాలో తేలేదాకా రివ్యూ చేయం అని ఏ కౌన్సిల్ అయినా అంటే అది చట్టానికి విరుద్ధం.

దెబ్బ తగిలితే విచారణ అక్కడి కౌన్సిల్‌ది

కేర్ యాక్ట్ సెక్షన్ 42 ఆర్డినరీ రెసిడెన్స్‌ను చూడదు. తన పరిధిలో భౌతికంగా ఉన్న పెద్దవారెవరికైనా సంరక్షణ అవసరాలుండి, హింస లేదా నిర్లక్ష్యం ఎదుర్కొంటున్నారని లేదా ఆ ప్రమాదం ఉందని, ఆ అవసరాల వల్లే తమను తాము కాపాడుకోలేకపోతున్నారని అనుమానించడానికి కారణం ఉంటే, అక్కడి కౌన్సిల్ విచారణ చేయాలి లేదా చేయించాలి. ఇది సబబే. పోలీసులు, స్థానిక ఆసుపత్రి, జీపీ అనే స్థానిక వైద్యుడు, ఆ హోమ్ మీద వచ్చిన ఇతర ఫిర్యాదులు, అన్నీ ఆ కౌన్సిల్‌కే అందుబాటులో ఉంటాయి. పంపిన కౌన్సిల్ పని పక్కన కూర్చోవడం కాదు. తన దగ్గరున్న సమాచారం ఇవ్వాలి, సమావేశాలకు రావాలి, కేర్ ప్లాన్ మార్చాలి, అవసరమైతే మనిషిని అక్కణ్నుంచి తీసుకురావాలి.

ఆచరణలో తప్పేది ఇక్కడే. బ్రిస్టల్ దగ్గరి వింటర్‌బోర్న్ వ్యూ 24 పడకల ప్రైవేటు ఆసుపత్రి. అక్కడివారిని ఎక్కువగా ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ సంస్థలే వేర్వేరు ప్రాంతాల నుంచి పంపాయి, ఒక్కొక్కరికి వారానికి సగటున 3,500 పౌండ్లు కట్టాయి. 2011 మే 31న బీబీసీ రహస్య చిత్రీకరణ ప్రసారమయ్యాకే అక్కడి హింస దేశానికి తెలిసింది. 2012 నాటి సమీక్షలో బయటపడిన అంకెలు చూడండి: 2008 జనవరి నుంచి 2011 మే వరకు సౌత్ గ్లోస్టర్‌షైర్ కౌన్సిల్‌కు 40 సేఫ్‌గార్డింగ్ (హింస, నిర్లక్ష్యాల నుంచి కాపాడే పని) హెచ్చరికలు వచ్చాయి, 29 ఘటనలు పోలీసుల దాకా వెళ్లాయి. సమాచారం లేకపోలేదు. ప్రతి హెచ్చరికనూ విడిగా, ఒక మనిషికి ఒకసారి జరిగినదానిగా చూశారు. పంపిన సంస్థలకు తమ మనిషి ఒక్కరే కనిపించారు. అక్కడి కౌన్సిల్‌కు ఘటనలు కనిపించాయి, వాటిని కలిపే దారం కనిపించలేదు.

అదే తీరు తర్వాతా వచ్చింది. సోమర్‌సెట్‌లోని మెండిప్ హౌస్‌లో ఆటిజం ఉన్నవారిని సిబ్బంది హింసించి అవమానించిన సంగతి 2016లో బయటపడింది. వాళ్లు పలు ప్రాంతాల నుంచి పంపినవారు. నార్‌ఫోక్‌లోని కాస్టన్ పార్క్ ఆసుపత్రిలో 2018 నుంచి 2020 మధ్య ముగ్గురు యువతీయువకులు చనిపోయారు, 2021లో సమీక్ష నివేదిక వచ్చింది. రెండు చోట్లా కనిపించే పాఠం ఒకటే. పంపినవారు కాగితాల మీద ఆధారపడ్డారు, ఆ కాగితాలు రాసింది సేవ అమ్మేవారే.

పంపే ముందు చేయాల్సిన పని

మంచి ప్లేస్‌మెంట్ అధికారి, అంటే మనిషికి చోటు చూసే అధికారి, ఖాళీ దొరికిందని వెంటనే సంతకం పెట్టరు. మొదట సంరక్షణ సేవలను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్, అంటే సీక్యూసీ, రిజిస్ట్రేషన్ చూస్తారు: ఏ సేవకు అనుమతి ఉంది, ఎంతమందికి, ఏవైనా షరతులు పెట్టారా, రిజిస్టర్డ్ మేనేజర్ ఉన్నారా లేక ఆ కుర్చీ నెలలుగా ఖాళీగా ఉందా. రేటింగ్ కంటే తనిఖీ జరిగిన తేదీ ముఖ్యం. నాలుగేళ్ల నాటి ‘గుడ్’ అంటే అప్పటి మేనేజర్, అప్పటి సిబ్బంది గుడ్ అని అర్థం.

తర్వాత అక్కడి కౌన్సిల్ క్వాలిటీ టీమ్‌కు ఫోన్ చేసి, ఈమెయిల్‌తో ఖరారు చేసుకుంటారు. అడగాల్సిన ప్రశ్నలు మూడు: ఈ హోమ్ మీద నడుస్తున్న విచారణలు ఉన్నాయా, మీరు కొత్త ప్లేస్‌మెంట్లు ఆపారా, మీరే మీ ఊరివారిని ఇక్కడ ఉంచుతున్నారా. మూడో ప్రశ్న చాలామందికి తోచదు. పక్కనే ఉన్న కౌన్సిల్ తనవారిని ఒక్కరినీ అక్కడ ఉంచకపోతే కారణం కనుక్కోవాలి. సంతకం అయ్యాక మనిషి పేరు, చేరే తేదీ, ఎవరిని సంప్రదించాలో అక్కడి కౌన్సిల్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇది పది నిమిషాల పని. ఇది జరగకపోతే అక్కడి కౌన్సిల్‌కు ఆ మనిషి ఉన్నట్టే తెలియదు, మొదటిసారి తెలిసేది ఏదైనా జరిగినప్పుడే.

వైద్యం సంగతి మరో చిక్కు. కొత్త జీపీ దగ్గర నమోదు, మందుల చీటీ, మూర్ఛ ఉంటే ఆ నిపుణులు, మింగడంలో ఇబ్బంది ఉంటే స్పీచ్ థెరపిస్టు, ఇవన్నీ కొత్త ప్రాంతపు ఎన్‌హెచ్‌ఎస్ నుంచి రావాలి, అక్కడి వెయిటింగ్ లిస్టులో మళ్లీ చివర నిలబడాలి. ఆహారం మెత్తగా చేసి ఇవ్వాలన్న పాత సూచన కొత్త వంటగదికి చేరకపోతే ఆ మొదటి వారంలోనే ఊపిరాడక ప్రాణం మీదికి రావచ్చు. చేరే రోజుకే ఈ కాగితం వంటవారి చేతిలో ఉందో లేదో చూడాలి.

ఇక ఒప్పందం. దూరపు ప్లేస్‌మెంట్లలో ఎక్కువ డబ్బు పోయేది వన్-టు-వన్ గంటల దగ్గర. రోజుకు పది గంటలు ఒక మనిషి ప్రత్యేకంగా తోడుండాలని రాసుకుంటే వారానికి 70 గంటలు. గంటకు 20 పౌండ్ల లెక్కన అనుకున్నా వారానికి 1,400, ఏడాదికి 72,800 పౌండ్లు, అదీ మూల ఫీజు కాకుండా. ఆ గంటలు నిజంగా అందాయా? హోమ్ పంపే నెలవారీ నివేదికలో తెలియదు. డ్యూటీ రోస్టరు, జీతాల పట్టీ, మనిషి రోజువారీ నోట్సు పక్కపక్కన పెట్టి రెండు వారాలు పోల్చితే తెలుస్తుంది. ఏడుగురు ఉండే హోమ్‌లో ఇద్దరికి వన్-టు-వన్ ఉండాల్సిన వేళ రోస్టరులో మొత్తం ముగ్గురే ఉంటే, మిగతా ఐదుగురిని ఒక్కరే చూసుకున్నారన్నమాట. అది జరిగే పని కాదు. కాబట్టి ఈ రికార్డులు చూసే హక్కు, చెప్పకుండా వెళ్లే హక్కు, తీవ్ర ఘటన జరిగితే 24 గంటల్లో పంపిన కౌన్సిల్‌కు చెప్పాలన్న షరతు ఒప్పందంలోనే ఉండాలి.

రివ్యూ అంటే ఫోన్ కాదు

ప్లాన్ మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒక తేలికపాటి సమీక్ష, ఆపై పన్నెండు నెలలు దాటకుండా పూర్తి సమీక్ష, ఇది కేర్ యాక్ట్ మార్గదర్శకం పెట్టిన కనీస హద్దు. పరిస్థితి మారితే, ఎవరైనా అడిగితే అంతకుముందే చేయాలి. ఈ పని పంపిన కౌన్సిల్‌దే. లండన్ నుంచి రానూపోనూ ఆరేడు గంటల ప్రయాణం కాబట్టి ఫోన్‌లో మేనేజర్‌తో మాట్లాడి ముగించేయాలన్న ఒత్తిడి సోషల్ వర్కర్ మీద ఉంటుంది. మాటలు రాని మనిషి విషయంలో ఆ ఫోన్ పనికిరాదు. బరువు తగ్గిందా, బట్టలు ఆయనవేనా, తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందా, సిబ్బంది దగ్గరికి వస్తే ఆయన ముడుచుకుంటున్నాడా, ఇవి కంటితో చూడాల్సినవి. ఆయనతో ఏకాంతంగా కాసేపు గడపాలి, రాత్రి డ్యూటీ వాళ్లతో కూడా మాట్లాడాలి.

భాష సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. డిమెన్షియా ముదిరినకొద్దీ తర్వాత నేర్చుకున్న ఇంగ్లిషు జారిపోయి తెలుగే మిగలడం వృద్ధుల్లో జరుగుతుంది. తెలుగు మాట వినపడని ఊరికి అలాంటి మనిషిని పంపితే ఆమెకు నొప్పి ఎక్కడుందో చెప్పుకునే దారి మూసుకుపోతుంది. భాష, ఆహారం, పూజ కూడా అవసరాల్లో భాగంగా ప్లాన్‌లో రాయించుకోవాలి. రాసి ఉంటే రివ్యూలో దుబాసీని అడగవచ్చు. కుటుంబసభ్యుడినే దుబాసీగా పెట్టుకోవడం సరికాదు, సేఫ్‌గార్డింగ్ విషయంలో అసలే కాదు.

ప్రక్రియలో పాల్గొనడానికి గట్టి ఇబ్బంది ఉండి, తగిన ఆప్తులెవరూ తోడు లేకపోతే స్వతంత్ర అడ్వకేట్‌ను (లాయరు కాదు, ఆ మనిషి తరఫున మాట్లాడేవారిని) పెట్టాలి. ఇదీ చీలిపోయింది. రివ్యూ కోసమైతే పంపిన కౌన్సిల్ పెడుతుంది, సేఫ్‌గార్డింగ్ విచారణ కోసమైతే అక్కడి కౌన్సిల్ పెడుతుంది.

కదలకుండా ఆపడానికి అనుమతి

నిర్ణయం తీసుకునే సామర్థ్యం లేని మనిషిని నిరంతరం కనిపెట్టుకుని ఉంటూ, వెళ్లిపోవడానికి వీల్లేకుండా చేస్తే అది స్వేచ్ఛను హరించడమేనని సుప్రీంకోర్టు 2014లో చెషైర్ వెస్ట్ తీర్పులో చెప్పింది. కేర్ హోమ్‌లో అయితే దీనికి ‘డోల్స్’ (స్వేచ్ఛను హరించేటప్పుడు పాటించాల్సిన రక్షణ ప్రక్రియ) అనుమతి కావాలి. దరఖాస్తు హోమ్ చేస్తుంది. పంపాల్సింది మనిషి ఆర్డినరీ రెసిడెన్స్ ఉన్న కౌన్సిల్‌కు, అంటే పంపిన కౌన్సిల్‌కు. కొన్ని హోమ్‌లు అలవాటుగా ఊళ్లోని కౌన్సిల్‌కే పంపేస్తాయి. అది మళ్లీ సరైన చోటికి చేరేసరికి వారాలు గడుస్తాయి, ఆ రోజుల్లో నిర్బంధానికి చట్టబద్ధత లేకుండా పోవచ్చు. అనుమతి గరిష్ఠంగా పన్నెండు నెలలే. అది మనిషి మేలుకేనా అని పరిశీలించే బెస్ట్ ఇంటరెస్ట్స్ అసెసర్ పంపిన కౌన్సిల్ తరఫున స్వయంగా వెళ్లే స్వతంత్ర కన్ను. ఆ నివేదికలోని షరతులు రివ్యూ చేసే సోషల్ వర్కర్‌కు చేరాలి. ఒకే కౌన్సిల్‌లో రెండు టీములు ఒకరి కాగితం ఒకరు చదవకపోవడం బాధ కలిగించే విషయం, సులభంగా సరిదిద్దుకోదగ్గ విషయం కూడా.

సపోర్టెడ్ లివింగ్‌కు డోల్స్ వర్తించదు, నిర్ణయ సామర్థ్యం లేనివారి విషయాలు చూసే కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్‌కు వెళ్లాలి. పైగా అక్కడ సీక్యూసీ రిజిస్టర్ చేసేది వ్యక్తిగత సంరక్షణ సేవను మాత్రమే, ఇంటిని కాదు. సేవ ఆఫీసు ఒక ఊళ్లో, ఇళ్లు ఐదు ఊళ్లలో ఉండవచ్చు. ఇన్‌స్పెక్టర్ ఆ ఇంటి గడప తొక్కకపోయినా రిపోర్టు వస్తుంది. దూరపు సపోర్టెడ్ లివింగ్‌ను నేను కేర్ హోమ్ కంటే ఎక్కువ జాగ్రత్తతో చూడమంటాను.

హోమ్ మూతపడితే

యజమాని దివాలా తీసి సేవ ఆగిపోతే సెక్షన్ 48 ప్రకారం అక్కడి కౌన్సిల్ అందరినీ తాత్కాలికంగా ఆదుకోవాలి, సొంతంగా డబ్బు కట్టుకునేవారితో సహా. ఖర్చు తర్వాత పంపిన కౌన్సిల్ నుంచి రాబట్టుకోవచ్చు. కొత్త చోటు వెతకడం మాత్రం పంపిన కౌన్సిల్ పనే. ముప్పై మందిని ఇరవై కౌన్సిళ్లు పంపి ఉంటే, ఒక శుక్రవారం సాయంత్రం ఇరవై డ్యూటీ ఫోన్లు కలపాలి. పంపినప్పుడే రాసిన ఆ పది నిమిషాల ఉత్తరం విలువ అప్పుడు తెలుస్తుంది.

సరిహద్దు దాటి వేల్స్‌కో స్కాట్లండ్‌కో పంపితే కేర్ యాక్ట్ మొదటి షెడ్యూల్ వర్తిస్తుంది. డబ్బు బాధ్యత పంపిన ఇంగ్లిష్ కౌన్సిల్‌దే, సేఫ్‌గార్డింగ్ మాత్రం ఆ దేశపు చట్టం కింద నడుస్తుంది.

కుటుంబం, కేర్ వర్కర్ చేయగలిగింది

ఇంగ్లండు కేర్ హోమ్‌లలో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన పనివారు, నర్సులు ఉన్నారు. మీరు చూసుకునే ప్రతి మనిషి ఫైలు మొదటి పేజీలో ఒక వివరం వెతకండి: వీరిని పంపిన కౌన్సిల్ ఏది, సోషల్ వర్కర్ ఎవరు, నంబరు ఏమిటి. ఆ గడి ఖాళీగా ఉంటే మేనేజర్‌ను అడిగి నింపించండి. తప్పు జరుగుతుంటే మొదటి కబురు అక్కడి కౌన్సిల్ సేఫ్‌గార్డింగ్ టీమ్‌కు, రెండోది పంపిన కౌన్సిల్‌కు, మూడోది సీక్యూసీకి. స్పాన్సర్‌షిప్ పోతే వేరే స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే ఉంటాయి కాబట్టి వీసా మీద ఉన్నవారికి భయం సహజం. ప్రజాప్రయోజనం కోసం బయటపెట్టినవారికి 1998 చట్టం రక్షణ ఇస్తుంది. పేరు చెప్పకుండా కూడా సీక్యూసీకి చెప్పవచ్చు. తేదీ, సమయం, చూసినది చూసినట్టు అదే రోజు రాసి పెట్టుకుంటే ఆ కబురుకు బలం వస్తుంది.

కుటుంబాలు అడగాల్సింది సూటిగా అడగాలి: చివరి రివ్యూ ఏ తేదీన, ఎవరు స్వయంగా వచ్చారు, ప్లాన్ ప్రతి ఎక్కడ. జవాబు రాతలో కావాలి. ఫిర్యాదు హోమ్‌కే ఇవ్వాలని పంపిన కౌన్సిల్ తిప్పి పంపితే ఒప్పుకోనక్కర్లేదు, ఎందుకంటే కౌన్సిల్ డబ్బుతో నడిచే సేవలో జరిగిన లోపాన్ని ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి అయిన లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్ ఆ కౌన్సిల్ లోపంగానే పరిగణిస్తారు. ముందు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి, తృప్తి కలగకపోతే అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి. విషయం తెలిసిన పన్నెండు నెలల్లోపు వెళ్లాలన్నది సాధారణ గడువు.